సముద్రమా, డ్యాన్సా? విశాఖలో రాత్రి ఎక్కడికి వెళ్లాలి

విశాఖలో పాటా, ఆటా, మందూ ఒకేచోట దొరికే జాగా చెప్పమంటే ఊరివాళ్లు ముందుగా చెప్పేది సముద్రం గురించే. "అక్కడ కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది" అంటే ఇక్కడ సగం సిఫార్సు అయిపోయినట్టే. నా లెక్క కొంచెం వేరు. సముద్రం బాగా కనిపించే చోటూ, ఒళ్లు అలిసేలా డ్యాన్స్ చేయగల చోటూ ఒకటే కావడం ఈ ఊళ్లో అరుదు. రాత్రి పది దాటాక దాదాపు కుదరదు. అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ముందు అడిగేది బడ్జెట్ కాదు. ఈ రెండింటిలో ఏది వదులుకోగలరు అని.

ఇందులో హోటళ్ల తప్పేమీ లేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులూ స్పీకర్లూ వాడకూడదు. మూసి ఉన్న హాళ్లకు మాత్రం, శబ్దం లోపలివాళ్ల వరకే పరిమితమైతే, మినహాయింపు ఉంది. వాణిజ్య ప్రాంతాల్లో రాత్రివేళ శబ్దం 55 డెసిబెల్స్, నివాస ప్రాంతాల్లో 45 దాటకూడదు. పండుగలకూ సాంస్కృతిక వేడుకలకూ అర్ధరాత్రి దాకా సడలించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి 15 రోజులకు మించదు. బీచ్ రోడ్డు వెంట హోటళ్ల వెనకే అపార్టుమెంట్లు ఉంటాయి. పదీ పదిన్నర మధ్య పోలీసులకు ఒక్క ఫోను వెళ్తే చాలు. కాబట్టి డాబా మీద ఎంత గొప్ప బ్యాండు వాయిస్తున్నా, పది కావస్తుంటే మేనేజరు వచ్చి గాయకుడి చెవిలో ఏదో చెబుతాడు. మరొక్క పాటతో సరి. ఆ తర్వాత వినిపించేవి చెంచాల చప్పుడూ, అలల హోరూ.

రెండో గడియారం బార్లది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర బార్ విధానంలో వేళలు ఉదయం 10 నుంచి అర్ధరాత్రి 12 వరకు. అంతకుముందు రాత్రి 11కే కట్టేసేవారు కాబట్టి ఈ గంట పెద్ద వరమే. కానీ చివరి ఆర్డరు పదకొండున్నరకో, అంతకు కాస్త ముందో అడిగేస్తారు, ఆ వెంటనే బిల్లు బల్ల మీదికి వస్తుంది. హైదరాబాద్, బెంగళూరు అలవాటుతో పదకొండింటికి తయారై వచ్చే బృందాలకు ఇక్కడ దక్కేది ఆ బిల్లే. విశాఖ రాత్రి ఏడింటికి మొదలవుతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ సులువు.

ముందు సముద్రం సంగతి

ఏడు నుంచి పది వరకు సముద్రాన్ని మించింది లేదు. బీచ్ రోడ్డులో పెద్ద హోటళ్లు చాలావరకు రోడ్డుకు ఇవతలే ఉంటాయి. నోవోటెల్ లాంటి వాటిలో పై అంతస్తులకు వెళ్తేనే నీళ్లు బాగా కనిపిస్తాయి. ది పార్క్ తీరు వేరు. దాని తోట నేరుగా ఇసుకలోకి దిగుతుంది. అక్కడి బాంబూ బే ఆరుబయటే ఉంటుంది, అలల చప్పుడు ఏ స్పీకరూ అక్కర్లేకుండా వినిపిస్తుంది. మాటలు ముఖ్యమనుకునే నలుగురు స్నేహితులకూ, పెళ్లిరోజు జరుపుకునే జంటకూ, ఊరికి వచ్చిన పెద్దవాళ్లకూ అలాంటి చోటే సరిపోతుంది. చీకటి పడ్డాక ఎదురుగా లంగరు వేసిన ఓడల దీపాలు వరసగా వెలుగుతాయి. కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ ఉంటుంది. ఇది చూడటానికి వచ్చిన మనిషిని పబ్బుకు తీసుకెళ్లి నల్లగోడల మధ్య కూర్చోబెట్టడం అన్యాయం.

అయితే కాలం చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరుబయట హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊరి ఉక్కపోత తెలిసినవాడెవడూ రూఫ్‌టాప్ బల్ల బుక్ చేయడు. చొక్కా ఒంటికి అంటుకుపోయాక వ్యూ ఎవరికి కావాలి? అక్టోబరులో వాయుగుండాల భయం. ఆరుబయట బల్ల బుక్ చేసేటప్పుడు వాన వస్తే లోపల చోటిస్తారా అని అడగండి. ఇవ్వరంటే అడ్వాన్సు కట్టకండి.

సముద్రం అక్కర్లేదు, ఎత్తు చాలనుకుంటే డాబాగార్డెన్స్‌లోని డాల్ఫిన్ హోటల్ పైనున్న హొరైజన్ లాంటివి ఉన్నాయి. ఊరి దీపాలన్నీ కాళ్ల కింద పరచుకుంటాయి. రైల్వే స్టేషన్‌కూ ఆర్టీసీ కాంప్లెక్సుకూ దగ్గర, రాత్రి బండి ఎక్కాల్సినవాళ్లకు అనుకూలం. కుటుంబంతో వెళ్లినా ఎవరూ వింతగా చూడరు.

రుషికొండ వైపు వెళ్లాలా అన్నది చాలామందికి వచ్చే సందేహం. రాడిసన్ బ్లూ రిసార్టు అక్కడే ఉంది, ఐటీ కొండల వాళ్లకూ మధురవాడ వాళ్లకూ అదే దగ్గర. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చేది) వచ్చాక ఆ వైపు సందడి పెరిగింది కూడా. ఆర్‌కే బీచ్ దగ్గర దిగినవాళ్లకు మాత్రం వెళ్లేటప్పుడు ఆనందం, వచ్చేటప్పుడు లెక్క. జోడుగుళ్లపాలెం దాటాక కొండ పక్కన మలుపులు, రాత్రి పదకొండు తర్వాత రోడ్డంతా నిర్మానుష్యం. క్యాబ్ దొరికితే ఎండాడ మీదుగా జాతీయ రహదారిలో రమ్మని చెప్పండి, కాస్త చుట్టయినా వెలుతురు ఉంటుంది. గది కూడా అక్కడే తీసుకుంటే రుషికొండ సరైన ఎంపిక. లేకపోతే పగటిపూట సర్ఫింగుకో, స్నానానికో వెళ్లి సాయంత్రానికి ఊళ్లోకి వచ్చేయడం మేలు.

ఇక డ్యాన్స్

డ్యాన్సే కావాలంటే నాలుగు గోడలూ, ఏసీ, మందపాటి తలుపూ ఉన్న చోటే వెతకాలి. సిరిపురం, దత్ ఐలాండ్, వీఐపీ రోడ్డు, బీచ్ రోడ్డు స్టార్ హోటళ్లు అన్నీ కలిపి చూస్తే పబ్బులూ లౌంజులూ తక్కువేమీ లేవు. పేర్లు చెప్పి ఊరుకోవచ్చు కానీ, ఈ ఊళ్లో పబ్బు పేరు నిలవదు. యాజమాన్యం మారుతుంది, బోర్డు మారుతుంది, డీజే పక్క వీధికి వెళ్లిపోతాడు, ఆయన వెనకే సగం జనం వెళ్లిపోతారు. కాబట్టి పేరు కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొట్టమొదట నేల చూడండి. చాలాచోట్ల డ్యాన్స్ ఫ్లోర్ అంటే బల్లలు నాలుగు పక్కకు జరిపిన ఖాళీ. శనివారం తొమ్మిదిన్నరకు ఆ ఖాళీలోకి మళ్లీ ఎత్తు బల్లలు వచ్చేస్తాయి, ఎందుకంటే డ్యాన్స్ చేసేవాడికన్నా బల్ల దగ్గర ఆర్డరు ఇచ్చేవాడే యజమానికి లాభం. వేరుగా చెక్క నేలో, కాస్త ఎత్తు వేదికో ఉన్నచోట ఆ జాగాను ఎవరూ ఆక్రమించరు. నేల తడిస్తే వెంటనే తుడిచే మనిషి ఉన్నాడా అన్నది కూడా గమనించండి. చిన్న విషయమే. కానీ చిందిన బీరు మీద జారి చీలమండ బెణికించుకున్నవాళ్లు నాకు తెలుసు.

తర్వాత శబ్దం. మంచి సౌండు ఉన్నచోట ఛాతీలో దరువు తగులుతుంది, అయినా పక్కవాడి మాట అర్థమవుతుంది. నాసిరకం సౌండులో కీచుమని పై స్వరాలు చెవి కోస్తాయి, దరువు మాత్రం ఉండదు. వాష్‌రూము అద్దం గడగడలాడితే ఆ గదికి మించిన స్పీకర్లు పెట్టారని అర్థం. అక్కడ గంటకు మించి ఉండలేరు.

పాటల వరస దాదాపు అన్నిచోట్లా ఒకటే. మొదట ఎవరూ ఆడటానికి లేవని ఇంగ్లిష్ గంట. తర్వాత హిందీ, పంజాబీ. పదిన్నర దాటాక తెలుగు మాస్ పాటలు పడతాయి, అప్పుడు గదంతా లేస్తుంది. చివరి అరగంటలో డీజే తెలివైనవాడైతే ఉత్తరాంధ్ర జానపదం ఒకటి వదులుతాడు. అంతదాకా మొబైలు చూసుకుంటూ కూర్చున్న నేవీ కుర్రాళ్లూ, ఐటీ ఉద్యోగులూ, మెడికల్ కాలేజీ హౌస్‌సర్జన్లూ ఒకే వరసలో కలిసిపోతారు. అరకులో గిరిజనుల థింసా నృత్యం చూసినవాళ్లకు ఆ చేతులు పట్టుకునే తీరు కొత్తగా అనిపించదు. ఆ అరగంట కోసమే వెళ్లేవాళ్లు ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి. మీకు తెలుగు పాటలు నచ్చకపోతే బుధ, గురువారాల్లో వెళ్లండి. శుక్ర, శనివారాల్లో డీజేను బతిమాలి ప్రయోజనం లేదు.

మగవాళ్లు మాత్రమే ఉన్న బృందాలకు ప్రవేశం దగ్గరే చిక్కు. వారాంతాల్లో "జంటలకే" అనే నియమం చాలాచోట్ల ఉంది. ఉన్నా కూడా ఫోనులో చెప్పరు, తలుపు దగ్గర బౌన్సరు చెబుతాడు. ఒకసారి మా బృందాన్ని ఫోనులో రమ్మని, తలుపు దగ్గర ఆపి, ఆరుగురికీ రెట్టింపు కవర్ చార్జీ, అంటే ప్రవేశ రుసుము, అడిగారు. అప్పటినుంచి ఎంతమందిమి, అందులో ఆడవాళ్లు ఎందరు, కవర్ ఎంత, అందులో ఎంత బిల్లులో తగ్గిస్తారు అన్నవి వాట్సాప్‌లో రాయించుకోకుండా కదలను. కవర్ చార్జీ మొత్తం తిండికీ తాగుడుకీ మళ్లితే అది మంచి బేరమే. సగమే మళ్లితే ఆ మిగతా సగం డీజే టికెట్టు అనుకోండి. ఏమీ మళ్లకపోతే, పేరున్న కళాకారుడు వచ్చిన రోజైతే తప్ప వద్దు.

మరో మాట. 21 ఏళ్లు నిండనివారికి రాష్ట్రంలో మద్యం అమ్మకూడదు. ఆధార్ కాపీ అయినా ఫోనులో ఉంచుకోండి. గుర్తింపు కార్డు అడగని పబ్బు ఉదారమైనదని మురిసిపోనక్కర్లేదు. అలాంటిచోట తనిఖీ జరిగితే అందరి సాయంత్రమూ పాడవుతుంది.

పాట వినాలి, ఆడనక్కర్లేదు అనేవాళ్లకు

ఈ కోవ వాళ్లే ఎక్కువ, వీళ్లకు చెప్పేవాళ్లే తక్కువ. లైవ్ బ్యాండు ఉన్న రెస్టారెంటులో తొమ్మిదిలోపు కూర్చుంటే మంచి పాతపాటలు వినొచ్చు. వేదికకు మరీ దగ్గర బల్ల తీసుకోకండి, మరీ దూరమైతే వంటగది చప్పుడు. గోడవైపు మధ్యలో ఉన్నది అడగండి. కరావోకే రాత్రులు ఆఫీసు బృందాలకు బాగుంటాయి, తెలియనివాళ్ల పాట వినడానికి మాత్రం ఓపిక కావాలి.

మందు అసలే వద్దంటే పిఠాపురం కాలనీలోని కళాభారతి, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం. కచేరీలూ కూచిపూడి ప్రదర్శనలూ చాలావరకు సాయంత్రం ఆరూ ఆరున్నరకు మొదలై తొమ్మిదికల్లా అయిపోతాయి. కొన్నింటికి టికెట్టే ఉండదు. కచేరీ అయ్యాక బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తిని, అప్పుడు కావాలంటే పబ్బుకు వెళ్లండి. ఈ వరస తిరగేస్తే కుదరదు, ఎందుకో చెప్పనక్కర్లేదు.

వాల్తేరు క్లబ్బు లాంటి పాత క్లబ్బుల గురించి ఆశ పెట్టుకోకండి. సభ్యుడు వెంట తీసుకెళ్తేనే ప్రవేశం, చెప్పులూ టీషర్టులూ కుదరవు. తీసుకెళ్లే బంధువు ఉంటే తప్పకుండా వెళ్లండి. అంత ప్రశాంతంగా, అంత తక్కువ ఖర్చుతో తాగే చోటు ఊళ్లో ఇంకోటి లేదు.

బార్ అండ్ రెస్టారెంటును తక్కువ చేయకండి

జగదాంబ, డాబాగార్డెన్స్, దొండపర్తి, గాజువాక సెంటర్లలోని మామూలు ఏసీ బార్లలో డ్యాన్సు లేదు, సముద్రం లేదు, మూలన టీవీలో క్రికెట్ మాత్రమే. కానీ మందు నాణ్యత విషయంలో నాకు ఇక్కడే ఎక్కువ నమ్మకం. క్వార్టర్ సీసా తెచ్చి, మూత మీద సీలు చూపించి, మన కళ్ల ముందే తిప్పుతారు. 180 మిల్లీలీటర్లంటే మూడు లార్జి పెగ్గులు, ఎంత పోసుకుంటున్నామో మన చేతిలో ఉంటుంది. పబ్బులో పెగ్గు కొలత బార్ వెనక చీకట్లో జరుగుతుంది. ఇక మంచింగు గురించి చెప్పాలా? అడగకుండానే ఉడికించిన వేరుశనగలు, దోసకాయ ముక్కలు, కాస్త ఉల్లిపాయా నిమ్మకాయా వస్తాయి. తర్వాత చెప్పే రొయ్యల వేపుడు ఏ స్టార్ హోటల్ వంటకూ తీసిపోదు. రేవుకు ఇంత దగ్గరగా ఉండి చేప తినకుండా ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ తాగేవాళ్లను చూస్తే నాకు జాలి.

నా సూచన ఏమిటంటే, బడ్జెట్ తక్కువున్న కుర్రాళ్లు ఏడింటికి ఇలాంటిచోట భోజనం ముగించి, తొమ్మిదిన్నరకు పబ్బుకు వెళ్లి ఆడాలి. పబ్బులో రెండు మాక్‌టెయిల్సూ, బోలెడు మంచినీళ్లూ చాలు.

డబ్బు లెక్క

మెనూలో ధరకూ బిల్లుకూ మధ్య తేడా చోటును బట్టి మారుతుంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దానిమీద రాష్ట్ర పన్నే. తిండి మీద మాత్రం మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలకు మించిన హోటళ్లలోని రెస్టారెంట్లలో అదే 18 శాతం. నలుగురు రెండు వేల రూపాయల తిండి తింటే ఒకచోట 100, మరోచోట 360. అందుకే స్టార్ హోటల్లో తాగండి, తినడం బయట తినండి అంటాను.

సర్వీస్ చార్జీ వేరే సంగతి. దాన్ని బిల్లులో బలవంతంగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేస్తారు. ఆ డబ్బు వెయిటరు చేతికే ఇవ్వడం నాకు ఇష్టం. మంచినీళ్ల సీసా ధర చూసి గొడవపడకండి. హోటళ్లు, రెస్టారెంట్లు ముద్రించిన ధరకన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మామూలు తాగునీళ్లు అడగండి, అవి ఉచితం.

తిరిగి రావడం

ఈ ఊళ్లో చోటు ఎంపికను నిజంగా తేల్చేది ఇదే. మెట్రో లేదు, అర్ధరాత్రి సిటీ బస్సు మీద ఆధారపడలేం. పన్నెండింటికి బార్లన్నీ ఒకేసారి మూస్తారు కాబట్టి క్యాబ్ ధర కూడా అప్పుడే ఎగురుతుంది. పదకొండున్నరకు బయటికి వస్తే అదే దూరానికి తక్కువ పడుతుంది, పైగా వెంటనే దొరుకుతుంది. ఆడవాళ్లు మాత్రమే ఉన్న బృందమైతే హోటల్ ముందు లాబీలోంచే క్యాబ్ ఎక్కేలా ఉన్న చోటు ఎంచుకోండి. సందులోనో, సెల్లారులోనో ద్వారం ఉన్న పబ్బు ఎంత బాగున్నా వద్దు. రాష్ట్ర పోలీసుల శక్తి యాప్ ఫోనులో ఉంచుకోవడం మంచిది, అత్యవసరానికి 112.

సొంత బండి తీసుకెళ్తే తాగని మనిషి ఒకరు ఉండాల్సిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్క బీరే కదా అనే వాదన ఊదే యంత్రం ముందు నిలవదు.

తాగాక ఇసుకలో కూర్చుందామనే సరదా చాలామందికి ఉంటుంది. కూర్చోండి. సీసా వెంట తీసుకెళ్లకండి, బహిరంగంగా తాగితే కేసు పెడతారు. నీళ్లలోకి అసలు దిగకండి. ఆర్‌కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే ఒక్కసారిగా లోతు పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. పగలు ఈతగాళ్లే మునిగిపోయిన చోటది.

ఇన్ని చెప్పాక ఒక్క మినహాయింపు: డిసెంబరు 31. ఆ రాత్రికి పై లెక్కలేవీ పనికిరావు. పోలీసులు బీచ్ రోడ్డులో వాహనాలను ఆపేస్తారు, ఫ్లైఓవర్లు మూసేస్తారు. మామూలు రోజు ఇవ్వని డాబాకు కూడా టికెట్టు పెడతారు. ఆ రోజు సంగీతం, వ్యూ, తిండి ఏదీ చూడకండి. మీరు దిగిన చోటికి నడిచి వెళ్లగల దూరంలో ఏది ఉంటే అది, డిసెంబరు రెండో వారంలోనే బుక్ చేసుకోండి.